ముగ్గుకు అడ్డమొచ్చిన తీగ

పదిహేను రోజుల క్రితం ఒక పొద్దున మా ఎదురింటి బాబాయి గారు లేరన్న కబురు తెలిసింది. విన్నవాళ్లంతా అడిగిన మొదటి మాట ఒకటే: "కరెంటు కొట్టిందా?" కాదండీ. ఆయన నిద్రలోనే పోయారు. తుళ్లూరు చుట్టుపక్కల పొలాల్లో స్తంభాలెక్కి లైన్‌మన్‌గా రిటైరై, తర్వాత కూడా మా మంగళగిరి వీధిలో ఫ్యాన్లూ స్విచ్చులూ బాగుచేస్తూ తిరిగిన మనిషి, చివరికి మంచం మీద గుండె ఆగి పోయారు. ఆ ప్రశ్న ఆయన చెవిన పడి ఉంటే కోపం వచ్చేది. కరెంటు కొట్టిందంటే పని చేతకానట్టేనని ఆయన లెక్క.

అప్పటినుంచి నాకు కాలు నిలవడం లేదు. జానెడు చీర నేసేలోపు మగ్గం దగ్గర నుంచి నాలుగుసార్లు లేస్తున్నాను. మీటరు చూస్తాను, స్విచ్చులు చూస్తాను, వాకిట్లోకి వెళ్లి మూసి ఉన్న ఆయన తలుపు చూసి మళ్లీ వస్తాను. ఆయన పోయిన దుఃఖం ఒకటి. దాని కింద ఇంకొకటి ఉంది. నా కోసం ఆయన ఒక అబద్ధం ఆడారు. అప్పటిదాకా అది తెలిసినవాళ్లం ఇద్దరమే. ఆయన వెళ్లిపోయారు, అది నా దగ్గర మిగిలిపోయింది.

మాకు చుట్టమేమీ కాదు. మా అత్తయ్యను అక్కయ్యా అని పిలిచేవారు కాబట్టి మా ఆయనకు మామయ్య, నాకు బాబాయి అయ్యారు. నేల చూసి నడవడం ఎరగరు. వీధిలో ఎప్పుడూ తలెత్తి తీగల్ని చూసుకుంటూ నడిచి, మురుగుకాలవలో కాలు పెట్టిన రోజులున్నాయి. పెళ్లికి పిలిస్తే అక్షింతలు వేసే ముందు పందిరి చుట్టూ తిరిగి, సీరియల్ బల్బుల వైరు అతుకుల మీద టేపు ఉందో లేదో చూసేవారు. ఎవరింట్లోనైనా పని మొదలుపెట్టే ముందు వాచీ, ఉంగరం తీసి పక్కన పెట్టి, చెక్క స్టూలు అడిగేవారు. కాళ్లకు రబ్బరు చెప్పులుండాల్సిందే. పని అయ్యేదాకా కాఫీ ముట్టరు. "కరెంటుకి చుట్టరికం లేదమ్మాయ్" అనేది ఆయన మాట. ఆ మాటకు మేము చాటున నవ్వుకునేవాళ్లం.

రెండేళ్ల క్రితం, ఎండలు ముగిసి మబ్బులు పట్టే రోజుల్లో, మగ్గం పైనున్న ఫ్యాను స్విచ్చు పాడైతే ఆయన్ని పిలిచాను. చిన్న పని. ఆ రోజు పొద్దున్నే రంగు అద్దిన నూలు కట్టలు, మా మాటలో చిలపలు, వాకిట్లో తీగ మీద ఆరుతున్నాయి, ఎరుపూ పసుపూ. ఆ తీగ గురించి చెప్పాలి. తడి నూలు బరువుకు తాడు ఆగదని మేము ఇనప తీగ కట్టాం. ఒక కొస వేపచెట్టుకు, రెండో కొస స్తంభం నుంచి సర్వీసు వైరు దిగే, గోడ మీది ఇనప పైపుకు. మా వీధిలో చాలామంది అలాగే కడతారు. అంతకంటే గట్టిగా నిలబడేది వాకిట్లో ఇంకేముంది?

ఆయన స్విచ్చు విప్పుతున్నారు. అత్తయ్య నూలు తిరగేసి లోపలికి వచ్చి, వేళ్లు విదిలించుకుంటూ, చేతులు మళ్లీ జివ్వుమంటున్నాయే అన్నారు. రెండు నెలలుగా ఇదే పాట. షుగరు తిమ్మిర్లని నేనే తీర్మానించి, ఆవిడకు అన్నం మాన్పించి పూటపూటా జొన్నరొట్టె పెడుతున్నాను. ఆయన చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. ఏం ముట్టుకుంటే అని అడిగారు. నూలు తీగ అన్నారు అత్తయ్య.

బాబాయి గారు స్టూలు దిగి వాకిట్లోకి వెళ్లి తీగకు టెస్టర్ ఆనించారు. దీపం వెలిగింది.

మా ఆయన మెయిన్ తీయడానికి పరిగెత్తాడు. "మెయిన్ తీస్తే ఇంట్లో కరెంటు పోద్దిరా. పైపులోది పోదు, అది మీటరుకి ముందే ఉంది" అని, స్తంభం దగ్గర లైను తీయమని ఆఫీసుకు ఫోను చేశారు. తర్వాత ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని తీగకూ మాకూ మధ్య కూర్చున్నారు.

ఈలోగా మబ్బు కమ్మింది. చినుకు పడింది. నూలు తడిస్తే రంగు దిగి మొత్తం పాడవుతుంది. పండగ చీరలకని ఇంటిల్లిపాదీ అద్దిన నూలు. నేను చీపురు కర్ర పట్టుకుని, చిలపల్ని దానితో లాగేద్దామని ఆయన వెనకనుంచి వెళ్లాను. తడి కర్ర అని కూడా తోచలేదు.

"ఒసేయ్, ఆగు" అన్నారు. నన్నెప్పుడూ అలా పిలవలేదు. "నూలు పాడైతే మళ్లీ అద్దుకుంటావు. నువ్వు పోతే ఎవరద్దుతారు?"

కర్ర కింద పడేశాను. వాన వచ్చింది. మా కళ్లముందే ఎరుపు పసుపులోకి దిగింది. మా ఆయన గొణుగుతూనే ఉన్నాడు. నాకూ లోపల మండింది, ఆయన మీదే. తల మీద తువ్వాలు కప్పుకుని ఆ మనిషి వానలో లేవకుండా కూర్చున్నారు.

లైను తీశాక చూస్తే, పైపు మూతి దగ్గర వైరు ఒరుసుకుని తోలు లేచిపోయింది. చెప్పుల పుణ్యాన, పొడి నేల పుణ్యాన, అత్తయ్య ఇన్నాళ్లూ జివ్వుమనడంతో సరిపెట్టుకున్నారు. ఆ వానలో ముట్టుకుని ఉంటే మాకు దక్కేవారు కారు.

అప్పుడు బాబాయి గారు, పైపుకి ఎర్త్ తీగ ఉండాలి కదా, ఏదని వెతికారు. అది ఉంటే పైపులోకి దిగిన కరెంటు నేలలోకి పోయి, స్తంభం మీద ఫ్యూజు ఎప్పుడో కొట్టేసేదట. గడప పక్కన గోకితే తీగ కొస కనపడింది. నున్నగా, ప్లయరుతో తుంచినట్టు. ఆయన ఆ కొస చూశారు, పక్కన వానకు చెదిరిన నా చుక్కల ముగ్గు చూశారు, నన్ను చూశారు.

తుంచింది నేనే. అంతకు ముందు ఏడు వాకిలి సిమెంటు చేయించినప్పుడు, ముగ్గుకు అడ్డమొస్తోందని ఆ ఎర్త్ తీగ దిగే గుంత పూడ్పించి, తీగ తుంచేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని కూడా అనుకోలేదు.

ఏమైంది మామయ్యా అని మా ఆయన అడిగాడు. "ఎప్పుడో తుప్పు పట్టి తెగిపోయిందిరా" అన్నారు.

మర్నాడు ఆయనే దగ్గరుండి కొత్త గుంత తవ్వించి, బొగ్గూ ఉప్పూ పొరలుగా వేయించారు. ఎండాకాలం రోజూ చెంబుడు నీళ్లు పొయ్యమన్నారు, నేల ఎండితే తీగున్నా లేనట్టేనట. ఎవరూ లేనప్పుడు అడిగాను, నా పేరు ఎందుకు చెప్పలేదని.

"చెప్తే మీ అత్త నెల్రోజులు తిడుద్ది. తిట్లు అయిపోతే నువ్వు మర్చిపోతావు. చెప్పకపోతే గుర్తుంటుద్ది. ముగ్గు గుంత చుట్టూ తిప్పుకో అమ్మాయ్, గుంత మీద వెయ్యమాక."

గుర్తుంది బాబాయి గారూ. ఈ రెండేళ్లలో అత్తయ్య చేతులు చూడని రోజు లేదు. మీరు నన్ను కాపాడారో, శిక్షించారో ఇప్పటికీ నాకు తెలియదు. రెండూ అనే అనుకుంటాను.

ఆయన పదకొండో రోజు భోజనాలు ముగించుకుని ఇంటికొచ్చాక ఉండబట్టలేక అత్తయ్యకు అంతా చెప్పేశాను. ముగ్గు, ప్లయరు, ఆయన ఆడిన అబద్ధం. ఆవిడ తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నారు. "షుగరని చెప్పి రెండు నెలలు నాకు అన్నం మాన్పించావు కదే" అన్నారు. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వారో ఏడ్చారో నేను చూడలేకపోయాను.

ఇది చదివిన వాళ్లు ఒక్కసారి లేచి, మీ దండెం రెండో కొస దేనికి కట్టారో చూసి రండి.

అంతా చెప్పేసిన మర్నాడు పొద్దున వాకిలి చిమ్మబోతే, అత్తయ్య నాకంటే ముందే లేచి ఎర్త్ గుంత దగ్గర ఉన్నారు. కాళ్లకు రబ్బరు చెప్పులు, చేతిలో చెంబు. ఎదురింటి మూసిన తలుపు వైపు చూస్తూ, సన్నగా ధార కట్టి పోస్తున్నారు. నేను ముగ్గు గిన్నె పట్టుకుని పక్కనే కూర్చుని, గుంత చుట్టూ గీత తిప్పాను. మధ్యలో నీళ్లు రెండు బుడగలు వదిలి నేలలోకి ఇంకిపోయాయి.