మిగతాదంతా వానికి ఎవరు చెప్పిన్రు?

మా ఎదురింటి పెద్దమ్మ పోయిన నెల చనిపోయింది. గుండె ఆగిందన్నారు. కాదనడానికి నేను డాక్టరును కాను. కానీ చివరి ఐదు నెలలూ ఆమెను అజాగ్రత్త మనిషిగా నిలబెట్టిన బ్యాంకును వదిలేసి ఈ నాలుగు మాటలు రాయలేను.

కరీంనగర్ వైపు నుంచి పెళ్లయి గుజరాత్‌లోని ఈ లింబాయత్‌కు వచ్చిన మనిషి. భర్త పోయాక కూడా గడపలో కూర్చుని, చీరల వెనక వేలాడే దారాలు కత్తిరిస్తూ బతికింది. నా వ్యాసాలు చదివేది. "గింత కోపం రాసినవ్ గని, గా ఆఫీసుకు పోయి అడిగినవా బిడ్డా?" అనేది. నేను అడిగి ఉండేవాణ్ని కాదు.

ఆ ఫోను పట్టపగలే వచ్చింది. అవతలివాడు ఆమె పూర్తి పేరు, భర్త పేరు, బ్రాంచి, కార్డు చివరి నాలుగు అంకెలు తప్పులేకుండా చదివాడు. కార్డు ఆగిపోతుందని చెప్పి, ఫోనులోకి వచ్చిన ఓటీపీ చెప్పమన్నాడు. చెప్పింది. కూడబెట్టిందంతా పోయింది.

బ్యాంకుకు నేనూ వెంట వెళ్లాను. అధికారి గోడమీది పోస్టరు చూపించాడు: ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. ఇంగ్లీషులో ఉంది, గుజరాతీలో ఉంది. ఆమెకు వచ్చిన చదువు తెలుగు.

"నా తప్పు ఒప్పుకుంట సారూ. నేను చెప్పింది ఆరంకెలు. మిగతాదంతా వానికి ఎవరు చెప్పిన్రు?"

హిందీలోనే అడిగింది, నాకు మాత్రం ఆమె తెలుగులోనే గుర్తుంది.

జవాబుకు బదులు ఒక కాగితం వచ్చింది. ఖాతాదారు అజాగ్రత్త వల్లే నష్టం, ఫిర్యాదు ముగిసింది. "సంతకం పెట్టు మాసీ, పని అయిపోతుంది" అన్నాడాయన.

"ఎవలి పని?" అని లేచి వచ్చేసింది.

ఆ తర్వాత ప్రతి సోమవారం వెళ్లింది. గేటు దగ్గర గార్డు, మనవైపు వాడే, "మల్లొచ్చినవా పెద్దమ్మా" అని నవ్వేవాడు. "జవాబు రాలే. నేనొచ్చిన" అనేది.

పోస్టర్లు, మెసేజులు, అవగాహన సదస్సులు. జాగ్రత్తంతా దారాలు కత్తిరించే మనిషే పడాలట. ఆమె వివరాలు ఎవరి చేతుల్లోంచి జారాయో చెప్పే బాధ్యత మాత్రం ఎవరికీ లేదట. ఇది సిగ్గులేనితనం కాకపోతే ఏమిటి? ఓటీపీ మీరూ చెప్పకండి. ఫోను పెట్టేసి, కార్డు వెనకున్న నంబరుకు మీరే చేయండి. ఈ మాట మా గల్లీలో గడపగడపకూ చెప్పింది బ్యాంకు కాదు, ఆమె. పరువు దాచుకోకుండా తన సంగతే చెప్పేది. "పేరు తెల్సినోడల్ల సుట్టం గాదు బిడ్డా" అనేది.

ఆమె పోయిన పదకొండో రోజు, కర్మ భోజనాలయ్యాక ఆమె ఫోను మోగింది. కొడుకు స్పీకరు పెట్టాడు. అవతలివాడు ఆమె పూర్తి పేరు పలికి, మీ కొత్త కార్డు ఆగిపోతుందన్నాడు. చివరి నాలుగు అంకెలు చదివాడు.

కొత్త కార్డు సంగతి మాకెవరికీ తెలియదు. కోడలు లోపలికి వెళ్లి, ఎప్పుడో పోస్టులో వచ్చి బీరువా మీద పడున్న బ్యాంకు కవరు తెచ్చింది. అతికించింది అతికించినట్టే ఉంది. కొడుకు చించాడు. పెద్దమ్మ కంటితో కూడా చూడని నాలుగంకెలు. అవే.

 దండ వేసిన ఆమె ఫోటో ముందు ఫోనులోవాడు అడుగుతూనే ఉన్నాడు, "మేడమ్, లైన్‌లో ఉన్నారా? మేడమ్?"