సోల్వేగ్ నోరు మెదపని శుక్రవారం

సోల్వేగ్ చెడ్డమనిషి కాదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, తర్వాత చెబితే ఎవరూ నమ్మరు.

స్వీడన్ ఉత్తరాన ఒక విశ్వవిద్యాలయంలో ఆవిడ పేటెంట్ల సలహాదారు. అక్కడ పరిశోధకులు కనిపెట్టింది విశ్వవిద్యాలయానికి చెందదు, అది వాళ్ల సొంతం. అంచేత వాళ్లు వచ్చి తలుపు తడితేనే సోల్వేగ్‌కు పని. తట్టినవాళ్లను మాత్రం కడుపులో పెట్టుకుని చూసుకునేది. కాగితాలు సర్ది, కంపెనీల వాళ్లతో గీచి గీచి బేరమాడి, ఎంతోమంది కుర్రవాళ్లను సొంత కాళ్ల మీద నిలబెట్టింది. వాళ్ల పెళ్లిళ్లకు వెళ్లి, అందరికంటే గట్టిగా పాడి వచ్చింది కూడా.

చిక్కల్లా ఒక్క మనిషి దగ్గరే. ప్రొఫెసర్ గున్‌హిల్డ్.

ఒకప్పుడు ఇద్దరూ ఒకే ప్రయోగశాలలో, ఒకే బల్లకు అటొకరూ ఇటొకరూ కూర్చుని బిర్చి చెట్టు బెరడులోంచి మైనం తీసేవారు. పరిశోధనకు నిధులు ఒకరికే వచ్చాయి. ఆ ఒకరు సోల్వేగ్ కాదు. చదువు సగంలో ఆపి ఆఫీసు కుర్చీలో కూర్చుంది. అప్పటినుంచీ గున్‌హిల్డ్ ఏం చేసినా ఆవిడకు కడుపుమంటే. రేడియోలో మాట్లాడితే మంట. సముద్రం ఒడ్డున వేసవి ఇల్లు కొంటే మంట. ఈ వయసులోనూ మెట్లు చకచకా ఎక్కేస్తుంటే మరీ మంట. పైగా గున్‌హిల్డ్ మంచిది, అదొక పెద్ద బాధ. చెడ్డదైతే హాయిగా తిట్టుకునేది.

ఇప్పుడు గున్‌హిల్డ్ శిష్యురాలు ఆల్వా అదే బెరడు మైనంతో, గాలిమరల రెక్కలకు మంచు పేరుకోకుండా ఒక పూత తయారుచేసింది. కంపెనీలు అప్పుడే చుట్టూ తిరుగుతున్నాయి.

గురువారం కాఫీ వేళ ఆల్వా గంతులేసుకుంటూ వచ్చింది.

"రేపు నా పుస్తకానికి మేకు కొడుతున్నాం సోల్వేగ్! నువ్వు రాకపోతే ఊరుకోను."

డాక్టరేటు పరీక్షకు మూడు వారాల ముందు, సిద్ధాంత గ్రంథానికి బెజ్జం వేసి, హాల్లోని చెక్కపలకకు మేకుతో కొట్టడం అక్కడి ఆచారం. దారినపోయే దానయ్య కూడా తీసి చదువుకోవచ్చు.

"పేటెంటు దరఖాస్తు పరీక్ష అయ్యాక పెడదామంది గున్‌హిల్డ్," అంది ఆల్వా. "పరీక్ష దాకా బయటపడ్డట్టు కాదటగా?"

బయటపడ్డట్టే. మేకు దిగిన క్షణంలో ఆ పూత లోకానిదైపోతుంది. దరఖాస్తుకు ముందే లోకానికి తెలిసినదానికి పేటెంటు ఇవ్వరు. గున్‌హిల్డ్ అంతటిది పప్పులో కాలేసింది. 'ఆగండి' అని ఒక్క మాటంటే చాలు, మధ్యాహ్నానికల్లా సోల్వేగ్ స్వయంగా దరఖాస్తు పంపగలదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"దాల్చినచెక్క బన్ను బాగుంది, తిన్నావా?" అంది సోల్వేగ్.

నన్ను సలహా అడిగారా? అడగలేదు. అడగందే నాకేం పని? ఇలా తనకు తానే వకాలత్తు పుచ్చుకుని ఇంటికి వెళ్లింది.

శుక్రవారం హాలు నిండిపోయింది. గాలిమరల కంపెనీ మనిషి కూడా కెమెరాతో వచ్చాడు. ఆల్వా సుత్తి ఎత్తి కొట్టింది. మేకు వంకరపోయింది.

"సుత్తి పట్టడం రాదుగానీ డాక్టరైపోతుందట!" అంది గున్‌హిల్డ్. అందరూ ఘొల్లుమన్నారు.

ఇంకో మేకు వెతికేదాకా సమయం ఉంది. సోల్వేగ్ కాళ్లు ఒక అడుగు ముందుకు పడ్డాయి. ఇంతలో గున్‌హిల్డ్ ఆల్వా భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఆ చెయ్యి చూడగానే సోల్వేగ్‌కు ఒళ్లు భగ్గుమంది. ఆవిడకు శిష్యురాలు కూడా కావాలి, పూతా కావాలి, అన్నీ కావాలి! సోల్వేగ్ అక్కడే ఆగిపోయింది.

రెండో మేకు సూటిగా దిగింది. చప్పట్లు మోగాయి. కంపెనీ మనిషి పేజీ పేజీకీ ఫొటోలు తీయడం మొదలుపెట్టాడు. ఉన్నమాట చెప్పాలంటే సోల్వేగ్‌కు చల్లగా, హాయిగా అనిపించింది. ఇన్నేళ్ల మంట చల్లారినట్టే ఉంది.

గున్‌హిల్డ్ గ్లాసుతో వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"పొద్దున ఆ పిల్ల ఒకటే కంగారు. మేకు కొట్టేస్తే పేటెంటుకు ఏమైనా తేడా వస్తుందేమోనని. నేనే కసిరాను. పిచ్చిదానా, నిన్న సోల్వేగ్‌కు చెప్పే వచ్చావు కదా, తేడా ఉంటే అది ఊరుకునే మనిషేనా అన్నాను."

సోల్వేగ్ చెయ్యి విడిపించుకోబోతే గున్‌హిల్డ్ వదల్లేదు.

"సోమవారం నీ దగ్గరికి వస్తాం. పరీక్ష నాటికి దరఖాస్తు సిద్ధంగా ఉండాలి, అది నువ్వే రాయాలి, ఇంకెవరి చేతా రాయించను."

ఒక మనిషిని ఇంత నిశ్చింతగా నమ్మడం కూడా ఈవిడకే చేతనవ్వాలా, అనుకుంది సోల్వేగ్. దానికీ ఆవిడకు కడుపు మండింది, మునుపటికంటే ఎక్కువగా.

"సరే," అంది. "సోమవారం రండి."