లంగరమ్మ దిగిన రేవు

ఆవిడ అసలు పేరు ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు. రేవులో లాంచీ వాళ్ళు లంగరమ్మ అని పేరు పెట్టారు, అదే ఖాయమైపోయింది. పుట్టింది ఆ ఊళ్ళోనే, పెళ్ళయిందీ ఆ ఊళ్ళోనే. పుట్టింటికీ అత్తింటికీ మధ్య రెండు వీధులు అడ్డం, అంతే. నదికి అవతల పెద్ద పట్నం ఉంది. బట్టలకనీ మందులకనీ ఊరంతా లాంచీ ఎక్కి వెళ్ళొస్తుంది. ఈవిడ మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా వెళ్ళలేదు. అక్కడేముందట ఇక్కడ లేనిది, అనేది. లంగరు వేసిన పడవైనా అలకి కాస్త అటూ ఇటూ ఊగుతుంది, ఈవిడ ఆ మాత్రం కూడా కదలదని లాంచీ నడిపే సరంగు వేళాకోళం చేసేవాడు. లంగరమ్మ దాన్ని బిరుదుగానే పుచ్చుకుంది.

రేవు నుంచి పైకి ఎక్కే వీధిలో మొదటి మలుపు దగ్గర వాళ్ళ మేడ. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు కింద వాటా పెద్దాయనకి, అంటే లంగరమ్మ మొగుడికి వచ్చింది. పై వాటా ఆవిడ మరిదికి పోయింది. నది సముద్రంలో కలిసే చోటు కాబట్టి చలికాలం మొదలయ్యేసరికి ఊరు చూడ్డానికి జనం దిగుతారు. కిందా పైనా రెండు వాటాల్లోనూ గదులు అద్దెకిచ్చేవాళ్ళు. కింద గదులు చల్లగా ఉంటాయి, కానీ గోడలకి చెమ్మ. గడియలు ఉప్పుగాలికి తుప్పు పట్టి తలుపు వెయ్యాలంటే భుజం ఆనించాల్సిందే. పై గదులకి పెద్ద పెద్ద అద్దాల కిటికీలు. ఆ కిటికీల దగ్గరే మొదలైంది లంగరమ్మకి కడుపుమంట అని చెబితే సరిపోయేది, కానీ అంత తేలిగ్గా తేలే మంట కాదది.

ఊరంటే ఆవిడకి ప్రాణం. వచ్చినవాళ్ళు "మీ ఊరు బాగుందండీ" అంటే పొంగిపోయేది. "చాలా బాగుందండీ" అంటే కాస్త అనుమానంగా చూసేది. ఇంకో నాలుగు రోజులు ఉండిపోవాలనిపిస్తోందని ఎవరైనా అన్నారా, ఆ పూట టీలో పంచదార తగ్గేది. జనం రావాలి, చూడాలి, మెచ్చుకోవాలి, వెళ్ళిపోవాలి. అంతకుమించి ఇష్టపడితే, కొడుకుని కోడలు మరీ మురిపెంగా చూసుకుంటుంటే అత్తగారికి ఉన్నట్టు ఉండేది ఆవిడకి.

అందుకని వచ్చినవాళ్ళని గడియార స్తంభానికీ పెద్ద ఇసకతిన్నెకీ పంపించేది. పడవలు బాగుచేసే షెడ్డు వెనక ఉన్న మెట్ల సంగతి మాత్రం చచ్చినా చెప్పేది కాదు. వాళ్ళ నాన్న ఆ షెడ్డులోనే వడ్రంగం చేసేవాడు. చిన్నప్పుడు ఆయనకి కారియర్ పట్టుకెళ్ళి, ఆయన తింటున్నంతసేపూ ఆ మెట్ల మీద కూచునేది. నది నీళ్ళు ఒక రంగులో, సముద్రం నీళ్ళు ఒక రంగులో పక్కపక్కనే నడుస్తుంటాయి అక్కడ. లోపలికొచ్చే పడవలు ఎంత దగ్గరగా పోతాయంటే, అందులోవాళ్ళ కబుర్లు వినపడతాయి. ఇప్పటికీ మధ్యాహ్నం గదులవాళ్ళు కునుకు తీస్తుంటే లంగరమ్మ అక్కడికి పోయి కూచుని వచ్చేది. అది తనది. తనొక్కదానిదే.

దారి చెప్పడంలో ఇంకో తిరకాసుంది. "ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఎడమకి తిరిగి, సినిమాహాలు సందులోంచి నేరుగా పోండి" అని ధీమాగా చెప్పేది. ఐసు ఫ్యాక్టరీని పడగొట్టి బ్యాంకు కట్టి ఎన్నాళ్ళయిందో ఆవిడకే తెలీదు. సినిమాహాలు ఇప్పుడు మంచాలూ బీరువాలూ అమ్మే కొట్టు. అక్కడ పుట్టిన వాళ్ళందరూ ఇంతే, లేనివాటిని పట్టుకుని దారి చెప్పుకుంటారు, ఒకరు చెప్పేది ఇంకొకరికి ఇట్టే అర్థమవుతుంది. పాపం బయటివాళ్ళు ఎండలో తిరిగి తిరిగి మొహాలు కందగడ్డల్లా చేసుకుని తిరిగొచ్చేవాళ్ళు. ఈ కాలం వాళ్ళకి దారి చెప్పినా అర్థం కాదని ఆవిడ విసుక్కునేది. వాళ్ళు మారుమాట్లాడకుండా మేడ మెట్లెక్కి చిన్నావిడని అడిగేవాళ్ళు.

చిన్నావిడంటే తోడికోడలు. ఎక్కడో నీళ్ళకి మొహం వాచిన ఊరి పిల్ల. పెళ్ళయి వచ్చినరోజు వాన, లాంచీలో దారి పొడుగునా వాంతులు. రేవులో దిగిన ఆ వాలకం చూసి, ఇదేం నెగ్గుకొస్తుందిలే అనుకుంది లంగరమ్మ. అలాంటిది ఇవాళ చెప్పులేసుకుని వచ్చినవాళ్ళ వెంట నడుస్తూ ఊరంతా చూపించేది ఆవిడే. దానికి తోడు నోరు తెరిస్తే "మా ఊరు". మా ఊళ్ళో గాలి, మా ఊళ్ళో పొద్దు. ఎప్పుడు అయిందమ్మా నీ ఊరు అని అడగాలని లంగరమ్మ నోరు దురదపెట్టేది. కింద గదుల్లో దిగినవాళ్ళు కూడా, వెళ్ళేరోజు, పైకెళ్ళి చిన్నావిడకి చెప్పి మరీ లాంచీ ఎక్కేవాళ్ళు. వాళ్ళు మేడ మెట్లెక్కుతున్న చప్పుడు వింటూ కింద దుప్పట్లు దులిపే లంగరమ్మకి ఒళ్ళు మండిపోయేది. దుప్పట్లు మాత్రం శుభ్రంగా దులిపేది, అది వేరే సంగతి.

ఇలా ఉండగా అవతలి పట్నం టూరిజం ఆఫీసు నుంచి ఒక అమ్మాయి కెమెరా పెట్టె పట్టుకుని దిగింది. ఊళ్ళోవాళ్ళెవరైనా ఒకరు తమ ఊరంటే ఎందుకిష్టమో, జనం ఎందుకు రావాలో చెబితే చిన్న వీడియో తీసి, అవతలి రేవులో టికెట్ల గది పైనున్న టీవీలో వేస్తారట. లాంచీ కోసం ఎదురుచూసే ప్రతివాళ్ళూ అదే చూస్తారు. గదులిచ్చే ఈ ఇంటి తోడికోడళ్ళిద్దరి పేర్లూ ఎవరో చెప్పారు. ఇద్దరితోనూ చెరో రోజు తిరిగి, ఒకరిని ఎంచుకుంటానంది.

"ఇందులో ఎంచుకోడానికేముంది?" అంది లంగరమ్మ మొగుడితో. ఆయన పేపరు పేజీ తిప్పాడు. ఆవిడకి మాత్రం ఇది తాడోపేడో తేలిపోయే వ్యవహారం. ఊరు ఎవరిదో అందరికీ తెలిసేలా టీవీలో పడుతుంది. అందులో తోడికోడలు మొహం కనపడిందంటే ఇక తను కింద వాటాలో దుప్పట్లు మడతపెట్టుకునే మనిషే.

మొదటిరోజు లంగరమ్మ వంతు. ఇస్త్రీ చీర కట్టుకుని ముందు నడిచింది. బ్యాంకు ముందు ఆగి ఐసు ఫ్యాక్టరీ ఎంత గొప్పదో చెప్పింది, వేసవిలో పిల్లలందరూ గోడకి వీపులు ఆనించి కూచునేవాళ్ళమంది. బీరువాల కొట్టు ముందు సినిమాహాలు గురించి చెప్పింది. తను చదివిన బడి గురించి చెప్పింది, అక్కడిప్పుడు లారీలు ఆగుతాయి. అమ్మాయి కెమెరా ఎత్తడం, ఏం తియ్యాలో తెలీక దించడం. చివరికి మెల్లిగా అడిగింది.

"ఇప్పుడున్నవాటిలో మీకు బాగా ఇష్టమైంది ఏదండీ?"

మెట్ల సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పేస్తే వీడియో తనదే, ఆ మాత్రం తెలివి ఉంది ఆవిడకి. కానీ ఆ వెంటనే కళ్ళ ముందు కనపడింది, టీవీ చూసి దిగిన జనం ఆ మెట్ల నిండా కూచుని, మనకెంత నచ్చిందో అని ఒకరికొకరు చెప్పుకోవడం. మింగేసింది. గడియార స్తంభం దగ్గరికి తీసుకుపోయి, ఇదేనమ్మా, అంది. గడియారం ఆగిపోయి ఉంది.

మర్నాడు చిన్నావిడ వంతు. లంగరమ్మ కూరల సంచీ చంకన పెట్టుకుని, బజారుకని చెప్పి, ఆ ఇద్దరి వెనకాల సందుల్లో నక్కుతూ బయల్దేరింది. ఆ వయసులో ఆ పిల్లి నడకలేమిటో చూసినవాళ్ళు నవ్వుకున్నారు. వాళ్ళు గడియార స్తంభం వైపు పోలేదు. ఇసకతిన్నెకి పోలేదు. పడవల షెడ్డు వైపు తిరిగేసరికి ఆవిడ నక్కడం మానేసి అడుగులు గబగబా వేసింది. నేరుగా వెనకనున్న మెట్ల మీదికే పోయి కూచున్నారు, మామూలుగా రోజూ కూచునే వాళ్ళలా.

బాగుచెయ్యడానికి దుంగల మీద నిలబెట్టిన పడవ చాటున నిలబడింది లంగరమ్మ. తన మెట్లు తోడికోడలికి ఎవరు చూపించారు? ఎవరూ చూపించలేదు. చిన్నావిడే చెప్పుకొస్తోంది. కాపరానికొచ్చిన కొత్తల్లో ఎవరూ చూడకుండా ఏడవడానికి చోటు వెతుక్కుంటూ దారి తప్పి ఇక్కడికొచ్చిందట. కూచున్నాక ఏడవడం మర్చిపోయిందట. పొద్దున్నే గదులు తుడవకముందు వచ్చి పోతుందట రోజూ. అంటే ఇన్నేళ్ళూ పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు.

అప్పటికైనా వెళ్ళిపోయి ఉంటే బాగుండేది. అమ్మాయి కెమెరా ఎత్తి, జనం ఎందుకు రావాలండీ మీ ఊరికి, అని అడిగింది.

"వచ్చేటప్పుడు చూడ్డానికి," అంది చిన్నావిడ. "సాయంత్రం లాంచీలో రావాలి. మలుపు తిరగ్గానే ఊరు కనపడదు. ముందు కిటికీలు కనపడతాయి. ఎండ ఎదురుగా పడి ఒక్కొక్క కిటికీ అంటుకుంటుంది. ఆ తర్వాతే ఇళ్ళు, ఆ తర్వాత మనుషులు. నేనొచ్చిన రోజు వాన వెలిసి అలాగే కనపడింది. వాంతులవుతున్నా కళ్ళు మూసుకోలేకపోయాను. ఇక్కడ పుట్టినవాళ్ళకి ఆ అదృష్టం లేదు పాపం. మా అక్క ఒక్కసారి కూడా చూళ్ళేదు."

ఎగతాళిగా అని ఉంటే లంగరమ్మ తట్టుకునేది. పడవ చాటునుంచి బయటికొచ్చి నాలుగు దులిపేసేది కూడా. కానీ చిన్నావిడ ఆ మాట జాలిగా అంది.

ఇంటికొచ్చి గిన్నెలు ఎత్తి కుదేసింది. నువ్వు చూశావా లాంచీలోంచి మన ఊరు, అని మొగుణ్ణి నిలదీసింది. వారానికోసారి పట్నం పోయొచ్చే మనిషి. "అందరూ చూసేదేగా," అన్నాడాయన, "బాగుంటుంది." అందరూ చూసేదే. ఈయన చూశాడు. సరంగు రోజూ చూస్తాడు. పట్నంలో తాగి లాంచీలో పడుకుని వచ్చేవాళ్ళు ఒక కన్ను తెరిచి చూశారు. అమ్మకానికి తెచ్చే బుట్టల్లో కోళ్ళు కూడా చూసే ఉంటాయి. చూడంది తనొక్కతే. వీడియోలో ఎవరి మొహం పడుతుందన్న బెంగ ఎటుపోయిందో కూడా తెలీలేదు. సాయంత్రం అమ్మాయి వచ్చి, చిన్నావిడనే అనుకుంటున్నానండీ, ఏమీ అనుకోకండి, అని నీళ్ళు నమిలితే, సరేనమ్మా అంది, అంతే. మొగుడు భయపడి ఒళ్ళు వెచ్చగా ఉందేమోనని నుదురు పట్టుకు చూశాడు.

మర్నాడు మధ్యాహ్నం లంగరమ్మ చేతిసంచీ పట్టుకుని లాంచీ ఎక్కింది. సరంగు చుక్కాని వదిలేసి లేచి నిలబడి చూశాడు. అవతలి రేవులో దిగి పట్నంలోకి అడుగు కూడా పెట్టలేదు. టికెట్ల గది ముందు బల్ల మీద, ఖాళీగా ఉన్న టీవీ కింద కూచుంది, సాయంత్రం లాంచీ వచ్చేదాకా. ఎక్కేటప్పుడు అందరినీ తోసుకుని ముందు బల్ల పట్టేసింది.

పొద్దు వెనక్కి దిగుతోంది. లాంచీ మలుపు తిరిగింది. నీళ్ళ మీద ఒక వెలుగు, దాని పక్కన ఇంకోటి, చూస్తుండగానే గట్టు పొడుగునా అంటుకుపోయాయి. పక్కనున్న ఎవరో ఫోను ఎత్తారు. లంగరమ్మకి ఫోను కనపడలేదు. అది ఏ ఊరో కూడా ఒక్క క్షణం తెలీలేదు. ఆ కిటికీల వెనక ఎవరో ఉంటారు, రోజూ అక్కడే నిద్రలేస్తారు, అక్కడే దీపాలు వేసుకుంటారు, వాళ్ళకెంత అదృష్టం పట్టిందో అనుకుంది. తనకెందుకు పట్టలేదో అనుకుంది. జన్మలో ఎవరినీ చూసి అంతగా కుళ్ళుకోలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంతలో ఒక కప్పు గుర్తుపట్టింది. అది పడవల షెడ్డు. అక్కణ్ణుంచి ఒక్కో ఇల్లూ గుర్తుపడుతూ, మొదట అంటుకున్న వెలుగు దాకా వచ్చింది.

రేవులో ఆఫీసు అమ్మాయి తిరుగు లాంచీ కోసం నిలబడి ఉంది. కెమెరా పెట్టెకి తాళం వేసేసింది. సాగనంపడానికి చిన్నావిడ వచ్చింది. దిగుతున్న లంగరమ్మని చూసి అమ్మాయి పలకరించింది, పట్నం వెళ్ళొచ్చారా అని.

"లేదమ్మా," అంది లంగరమ్మ. "ఈ ఊళ్ళో ఉండేవాళ్ళని చూసి కుళ్ళుకుని వచ్చాను."

అమ్మాయి ఆవిడ మొహంలోకి చూసి, గబగబా పెట్టె కింద పెట్టి తాళంచెవి కోసం తడుముకుంది. సరంగు కూత వేశాడు. అది ఆ రోజుకి ఆఖరి లాంచీ. ఎక్కక తప్పలేదు ఆ పిల్లకి.

లాంచీ కదిలాక ఇద్దరూ వీధిలోకి ఎక్కారు. చిన్నావిడ సంచీ అందుకోబోయింది, లంగరమ్మ ఇవ్వలేదు. మేడ ముందు మలుపు దాకా వచ్చారు.

"అక్కా, ముందు ఏ కిటికీ అంటుకుంది?" అని అడిగింది చిన్నావిడ.

లంగరమ్మ మేడ వంక ఒకసారి తలెత్తి చూసింది. అబద్ధం చెప్పాలని ఎంత ఉన్నా, చూసిందాన్ని చూళ్ళేదనలేకపోయింది.

"నీదే," అంది.