లెక్క తప్పిన ఇరవై ఆరో రోజు

నా డైరీలో ప్రతి ఏడాదీ నలభై తొమ్మిది పేజీలకు పైన కుడి మూల ఒక అంకె ఉంటుంది. అది తేదీ కాదు. పస్కా పండుగ రెండో రాత్రి మొదలుపెట్టి వారాల పండుగ దాకా మా ఇంట్లో రోజులు లెక్కపెడతాం. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళు ధర్మశాస్త్రం అందుకున్న కొండ దాకా నడిచిన రోజులు అవి అని తాతయ్య చెప్పేవారు. చీకటి పడ్డాక నిలబడి ఒక స్తుతి చెప్పాలి. ఆ వెంటనే ఇవాళ్టికి ఎన్ని రోజులో, ఎన్ని వారాలో నోటితో అనాలి. రాత్రి మరిచిపోతే మర్నాడు పొద్దు గుంకేలోగా ఉత్త లెక్క చెప్పుకొని గట్టెక్కవచ్చు. అదీ దాటిపోతే ఆ ఏటికి ఇక మన నోటితో స్తుతి చెప్పకూడదు. ఇంకెవరైనా చెబితే విని ఆమేన్ అనాలి, తర్వాత అంకె మాత్రం చెప్పుకోవాలి.

మేం యూదులం. తెనాలి, రేపల్లె చుట్టుపక్కల మాలాంటి ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఈ మాట చెబితే ఎదుటివాళ్ళు ముందు నవ్వుతారు, తర్వాత "అంటే క్రిస్టియన్సేగా?" అంటారు. నేను "ఆఁ, అలాంటిదేనండి" అనేస్తాను. కాదంటే ఇంకో ప్రశ్న వస్తుంది. కొత్తవాళ్ళ ఎదుట రెండో ప్రశ్నకు జవాబు చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

వేసవి సెలవులకు తెనాలి నుంచి రేపల్లె వెళ్ళేదాన్ని. తాతయ్య అక్కడ రైసు మిల్లులో మిషను చూసేవారు. లెక్క మొదలుపెట్టే వేళకు కొత్త పంట పనను దేవుడి ముందు ఊపడం పాతకాలపు ఆచారమట. అది బార్లీ పన. మాకు బార్లీ ఎక్కడిది? డిసెంబరు కోతల్లోనే తాతయ్య ఒక వరి కంకి తెచ్చి, నలభై తొమ్మిది గింజలు ఉంచి మిగతావి దులిపేసి, కాగితంలో చుట్టి పెట్టేవారు. రోజూ లెక్క చెప్పాక ఒక గింజ తుంచి హార్లిక్స్ సీసాలో వేయడం నా పని. ఆ చిన్న చప్పుడు కోసం రోజంతా ఎదురుచూసేదాన్ని.

ఆ రోజుల్లోనే ఒకసారి గాలివానకు మిల్లు పైకప్పు లేచిపోయింది. ఆరు నెలలు మిల్లు మూతపడుతుందని కబురు తెచ్చినాయన మా పంచలో కూర్చుని ఏడ్చాడు. తాతయ్య ఆయనకు మంచినీళ్ళు ఇచ్చి, తడి వాకిట్లో నిలబడి, చెడ్డ వార్త విన్నప్పుడు చెప్పవలసిన స్తుతి చెప్పారు. నాయనమ్మకు ఒళ్ళు మండింది.

"కప్పు ఎగిరిపోయిందని దణ్ణం పెట్టేవాణ్ణి నిన్నే చూశానయ్యా!"

"మొన్న కోడలికి ఉద్యోగం వచ్చిందన్నప్పుడు పెట్టానుగా? ఆ రోజు నువ్వేం అనలేదే?"

"అది వేరు, ఇది వేరు."

"మనకి వేరే. ఇచ్చినవాడు ఒక్కడే కదే."

మంచికీ చెడుకీ చెప్పే మాటలు వేరువేరు. కానీ రెండూ ఒకే గొంతుతో చెప్పాలన్నది తాతయ్య పట్టుదల. చెడ్డ రోజున గొంతు జారనివ్వకూడదు, మంచి రోజున కేక పెట్టకూడదు. "కష్టం వచ్చినప్పుడు దేవుణ్ణి పిలవడం ఎవరూ నేర్పక్కర్లేదమ్మా. కాలికి దెబ్బ తగిలితే అమ్మా అనడం ఎవరు నేర్పారు? కంచం నిండా అన్నం ఉన్నప్పుడు పిలవడమే నేర్చుకోవాలి" అనేవారు. నాకది పెద్దవాళ్ళు చెప్పే మంచిమాటల్లో ఒకటిగా అనిపించేది. భయపడవలసింది కష్టానికే అనుకునేదాన్ని. ఏదో ఒక ఏడాది ఇంట్లో ఎవరో పోతారు, ఆ దుఃఖంలో నా లెక్క తప్పుతుంది అని పన్నెండేళ్ళ వయసులోనే డైరీలో రాసుకున్నాను.

నాన్న లెక్క ఎప్పుడో మానేశారు. శుక్రవారం సాయంత్రం విశ్రాంతి దినానికి వెలిగించే దీపాల వరకే ఆయన భక్తి. అమ్మ నాన్న వెంటే. మిగిలింది తాతయ్య, నేను.

రెండేళ్ళ కిందట చలికాలంలో తాతయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, వాటితో పాటు మాట పోయాయి. మాట పూర్తిగా పోలేదు. వస్తే ముక్కలుగా వచ్చేది, నోటి పక్కనుంచి చొంగ కారేది. అది ఎవరూ చూడకూడదని ఆయన మాట్లాడడమే మానేశారు. నాయనమ్మతో కూడా సైగలే. అన్నిటికీ ఒకే గొంతు అన్న మనిషి గోడవైపు తిరిగి పడుకునేవారు.

నేను అప్పుడు బాపట్లలో విత్తన పరీక్షల ల్యాబులో టెంపరరీగా పనిచేస్తూ లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. తడి కాగితం మీద వంద గింజలు పరిచి, వారం తర్వాత ఎన్ని మొలిచాయో లెక్కపెట్టడం నా పని. పస్కా వచ్చింది. తాతయ్య లెక్క ఎలాగని నేనే ఒక ఏర్పాటు చేశాను. రోజూ సాయంత్రం ఫోను చేస్తాను, నాయనమ్మ ఫోను ఆయన చెవి దగ్గర పెడుతుంది. నేను స్తుతి చెబుతాను, ఆయన ఆమేన్ అంటారు. నేను అంకె చెబుతాను, ఆయన తనకు వచ్చినట్టు గొణుక్కుంటారు. నాయనమ్మ గింజ తుంచుతుంది. శుక్రవారం పొద్దుగూకితే విశ్రాంతి దినం మొదలు, ఇక ఫోను ముట్టం కాబట్టి ఆ రోజు తలనొప్పి అని సార్‌కి చెప్పి మధ్యాహ్నం బండికి రేపల్లె వెళ్ళిపోయేదాన్ని. "ప్రతి శుక్రవారం వచ్చే తలనొప్పి ఏంటమ్మా?" అని ఆయన కళ్ళద్దాల పైనుంచి చూసేవారు.

హాస్టల్లో నా గది పంచుకున్న అమ్మాయి నిజాంపట్నం వైపు పిల్ల. గలగలా మాట్లాడేది. ఒకరోజు నేను మెట్ల మీద నిలబడి "ఇవాళ ఇరవై రోజులు, అంటే రెండు వారాల ఆరు రోజులు" అని ఫోనులో చెబుతుంటే విన్నది.

"ఎవరింట్లోనే పసిపిల్ల? రోజులు కూడా లెక్కపెట్టేస్తున్నావు!"

"మా అక్క కూతురు" అన్నాను. నాకు అక్క లేదు.

మర్నాడు సాయంత్రం నేను ఫోను పెట్టగానే, "ఇరవై ఒకటి! ఇవాళ బారసాల కదే, ఇక్కడేం చేస్తున్నావు? పేరేం పెట్టారు?" అంది.

"ఇంకా పెట్టలేదు."

"బారసాల నాడు పేరు పెట్టకపోతే ఇంకెప్పుడు పెడతారే, పెళ్ళిలోనా? మీ వాళ్ళు భలేవాళ్ళు."

నవ్వేశాను. ఆ రాత్రి డైరీలో దాని గురించి ఒక్క వాక్యం రాసి కొట్టేశాను. ఒక్క నిజం చెప్పడం బద్ధకమై ఒక పాపను పుట్టించాను, ఇక ఆ పాపను రోజూ పెంచాలి.

ఇరవై ఆరో రోజు మంగళవారం. మధ్యాహ్నం మూడింటికి నా పోస్టు పర్మినెంట్ అయిందని ఆర్డరు వచ్చింది. రెండేళ్ళుగా ఎదురుచూసిన కాగితం. అమ్మకు ఫోను చేశాను. గదిలో పిల్ల నన్ను గిరగిరా తిప్పి, ఇంకో నలుగురిని పోగుచేసి, ఆటో మాట్లాడి సూర్యలంక తీసుకెళ్ళింది. అందరి ఫోన్లూ ఒకే సంచిలో పెట్టి ఒడ్డున వదిలేశాం. మోకాళ్ళ దాకా నీళ్ళల్లో నిలబడి అరిచాను. నేను అరవడం అదే మొదటిసారి అనుకుంటాను. తిరిగి వచ్చాక డైరీలో నాలుగు పేజీలు రాశాను. ఫోనులో నాయనమ్మ నుంచి రెండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. అమ్మ చెప్పి ఉంటుంది, అభినందించడానికి చేసి ఉంటుంది, రేపు నేనే వెళ్ళి ఎదురుగా నిలబడి చెబుతాను అనుకొని నిద్రపోయాను.

బుధవారం సెలవు పెట్టాను. పొద్దున బాపట్ల నుంచి తెనాలి వచ్చి, అమ్మ చేతి అన్నం తిని, మిఠాయి కొట్లో అరకిలో కోవా తీసుకొని సాయంత్రం రేపల్లె బండి ఎక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. ఆ రోజు ప్రతి స్టేషనూ బాగుంది, దారిలో కనిపించిన చెరుకురసం బండి కూడా. కోవా డబ్బా ఒళ్ళో పెట్టుకొని ఏమీ ఆలోచించకుండా కూర్చున్నాను. రేపల్లెలో దిగి, నాయనమ్మకు వస్తున్నానని చెబుదామని ఫోను తీశాను. గదిలో పిల్ల దగ్గర్నుంచి అయిదింటికి ఒక మెసేజ్ వచ్చి ఉంది. "నిన్న పాప లెక్క చెప్పలేదేంటే? ఎన్ని రోజులు?"

ప్లాట్‌ఫారం మీద లైట్లు వెలిగి ఉన్నాయి. పడమటి వైపు చూశాను. ఎరుపు కూడా మిగల్లేదు. అయిదింటికి ఇంకా ఎండ ఉంది. అప్పుడు ఆ మెసేజ్ చూసి ఉంటే, ఆ సీటులోనే కూర్చొని ఇరవై ఆరు అని గొణుక్కున్నా సరిపోయేది. సంచిలోంచి డైరీ తీసి నిన్నటి నాలుగు పేజీలు తిప్పాను. ఏ మూలా అంకె లేదు.

స్టేషను నుంచి ఇంటికి నడిచి పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ ఒకటే ఆలోచన. ఎవరికీ తెలియదు. ఒక్కదాన్నే చెప్పుకున్నాను అంటే సరిపోతుంది. లేకపోతే ఈ రాత్రి తాతయ్యకు స్తుతి చెప్పేదెవరు? నా నోరే కదా ఆయన నోరు. కానీ చెప్పే హక్కు లేకుండా దేవుడి పేరెత్తి స్తుతి చెప్పడం తప్పని ఆయనే నేర్పారు.

నాయనమ్మ గుమ్మంలోనే అందుకుంది. "మీ అమ్మ చెప్పిందిలే, చల్లగా ఉండు తల్లీ! నిన్న ఫోనేదే? ఆ ఫోను చెవి దగ్గర పెట్టించుకొని ఈయన తియ్యనిస్తేనా! అన్నం చల్లారిపోయింది."

"సిగ్నల్ లేదు నాయనమ్మా." ఆ మాట దానంతటదే వచ్చేసింది.

"మరి ఆయన ఏం చేశారో తెలుసా? నన్ను అటు పొమ్మని, గోడవైపు తిరిగి తనే ఏదో చెప్పుకున్నారు. చాలాసేపు పట్టింది. తర్వాత గింజ తుంచమని సైగ చేశారు."

తాతయ్య నన్ను చూసి ఎడమ చేతిని పట్టె మీద ఆనించి లేవబోయారు. నాయనమ్మ, నేను ఆయన్ని నిలబెట్టాం. ఇరవై మూడు గింజలు మిగిలిన కంకి బల్ల మీద ఉంది. ఆయన దాన్ని నావైపు జరిపి, తల వంచి, నా స్తుతి కోసం ఎదురుచూశారు.

నోరు తెరిచాను. మొదటి మాట నాలుక మీదే ఉంది.

"తాతయ్యా, సిగ్నల్ ఉంది. నేనే మరిచిపోయాను. రాత్రీ చెప్పలేదు, ఇవాళ పగలూ చెప్పలేదు. సంతోషంలో... పడి..."

నాయనమ్మ "అయ్యో" అంది. తాతయ్య తల ఎత్తి నన్ను చూశారు. కోపమా, జాలా అన్నది ఆ సగం ముఖంలో నాకు తెలియలేదు. తర్వాత ఆయన ఎడమ చేత్తో పంచె కొంగు తీసుకొని నోరు తుడుచుకున్నారు. మొదలుపెట్టారు.

మొదటి మాటకే గొంతు పట్టేసింది. మళ్ళీ మొదటినుంచి అన్నారు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి. చొంగ గడ్డం మీదికి జారింది, తుడుచుకోలేదు. నాకు ఆ స్తుతి అంతా కంఠతా వచ్చు. తర్వాతి మాట అందించాలని పెదవులు కదిలాయి. పళ్ళు బిగపట్టుకొని నిలబడ్డాను. వీధిలో ఒక బండి వచ్చి, హారన్ కొట్టి, వెళ్ళిపోయింది. ఆయన చివరి మాట దాకా వచ్చేశారు. గొంతు వంకరపోయింది, కానీ ఎక్కడా జారలేదు.

"ఆమేన్" అన్నాను. "ఇవాళ ఇరవై ఏడు రోజులు, అంటే మూడు వారాల ఆరు రోజులు."

గింజ సీసాలో పడింది. తాతయ్య మంచం మీద కూలబడి, కోవా డబ్బా వైపు వేలు చూపించారు. నేను మూత తీసి ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"మం... చి... వార్తకి... చెప్పావా?"

చెప్పలేదు. సముద్రంలో నిలబడి అంత అరిచాను కానీ ఆ స్తుతి చెప్పలేదు. అప్పుడు చెప్పాను. నాయనమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "ఒక రోజు ఆలస్యమైనా ఉద్యోగం ఉద్యోగమేలే, ముందు కోవా పెట్టు" అంది.

మిగిలిన సాయంత్రాలు ఫోనులో తాతయ్యే స్తుతి చెప్పారు. నేను హాస్టల్ మెట్ల మీద నిలబడి వినేదాన్ని. అంతసేపు నా వైపునుంచి మాటే ఉండదు కాబట్టి గదిలో పిల్ల వచ్చి "కట్ అయిందా?" అని సైగ చేసేది. నేను కాదని తల ఊపేదాన్ని.

ఆ కార్తీకంలో తాతయ్య పోయారు. చెడ్డ వార్తకు చెప్పే స్తుతి చెప్పాను, గొంతు జారింది. పోయినవాళ్ళ కోసం చేసే ప్రార్థనకు పదిమంది మగవాళ్ళు ఉండాలి. చుట్టుపక్కల ఊళ్ళన్నీ వెతికితే ఏడుగురు దొరికారు. ఏడుగురితోనే నిలబడి, ఆ ప్రార్థన వదిలేసి, మిగతావి చదివారు. నాన్న కూడా చదివారు.

ఈ ఏడాది మొదటి రాత్రి నుంచి లెక్క తప్పలేదు. స్తుతి నా నోటితో నేనే చెబుతున్నాను. చెప్పాక ఒక క్షణం ఆగుతాను, అవతల ఎవరో ఆమేన్ అనబోతున్నట్టు. తర్వాత అంకె చెప్పి గింజ తుంచుతాను. సీసా ఇప్పుడు నా బల్ల మీద, డైరీ పక్కన ఉంటుంది. హాస్టల్లో ఫ్యాను చప్పుడులో గింజ పడ్డ చప్పుడు వినబడదు.

పదకొండో రోజున గదిలో పిల్ల సీసా చూసి, "మీ పాపకి ఏడాది నిండి ఉంటుందే, ఇంకా రోజులు లెక్కపెడుతున్నావా?" అంది.

"పాప లేదు" అన్నాను. ఆమె ముఖం మారిపోవడం చూసి తొందరగా "పోలేదు, అసలు లేదు. అబద్ధం చెప్పాను" అన్నాను. తర్వాత ఒకటొకటిగా, కిందికి చూస్తూ, అంతా చెప్పాను. ఆమె అడిగిన రెండో ప్రశ్నకూ, మూడో ప్రశ్నకూ జవాబు చెప్పాను.

"అంత పెద్ద అబద్ధం ఆడావా దొంగమొహందానా! ఆ పాపకి గౌను కూడా కొన్నాను తెలుసా?" అని రెండు రోజులు మాట్లాడలేదు.

మూడో రోజు సాయంత్రం నేను ల్యాబులో గింజలు లెక్కపెడుతూ ఆలస్యం చేశాను. ఆ పనిలో మొలవని గింజను పారేయడానికి లేదు, దాన్నీ కాగితం మీద రాయాలి. చీకటి పడ్డాక హాస్టల్ మెట్లు ఎక్కుతుంటే పైనుంచి కేక వినిపించింది.

"ఏయ్, పధ్నాలుగు! చెప్పావా లేదా?"

గదిలోకి వెళ్ళి, చెప్పులు విడిచి, నిలబడి చెప్పాను. ఆమె మంచం మీద కూర్చొని, జడ వేసుకోవడం ఆపి విన్నది. స్తుతి అయ్యాక నేను ఆ ఒక్క క్షణం ఆగాను. అక్కడ ఏమనాలో ఆమెకు తెలియదు. నేనూ నేర్పలేదు.

"ఇవాళ పధ్నాలుగు రోజులు, అంటే రెండు వారాలు" అన్నాను. ఫ్యాను ఆపమన్నాను. గింజ సీసాలో వేశాను.