అక్క కసరత్తు

ఇంట్లో పెళ్ళికాని ఆడపిల్ల ఉంటే చాలు, ఎవరి బాధ్యతైనా దాని నెత్తినే పెడతారు. తొంభైల చివర్లో మా అక్కని కాకినాడలో ఒక మానసిక ఆసుపత్రిలో చేర్చినప్పుడు తోడుండడానికి నన్నే పంపారు. అప్పటికే బావగారు అన్నవరంలో వ్రతం చేయించారు, తాయెత్తులు కట్టించారు. అక్క మాత్రం మాట్లాడదు, ఎవరైనా పెడితేనే తింటుంది, కన్నకూతుర్ని కూడా దగ్గరికి తీయదు. బస్సెక్కించేటప్పుడు బావగారు నాతో ఒకటే మాటన్నారు.

"ఈసారి నయమైతే సరే. మళ్ళీ మొదలైతే మాత్రం పుట్టింట్లోనే ఉంచేసుకోండి. పిల్ల నా దగ్గరే ఉంటుంది."

ఆసుపత్రిలో రోజూ పొద్దున్నే ఆడవాళ్ళందరినీ వరండా ముందు వరసగా నిలబెట్టి కసరత్తు చేయించేవారు. కొంగు బొడ్లో దోపుకుని, చేతులు పైకి, పక్కకి, కిందికి. అది చూసుకునే నర్సమ్మ, గోడకానుకుని నిలబడ్డ నన్ను కూడా పిలిచింది.

"మీరలా చూస్తుంటే వాళ్ళకి సిగ్గండీ. రండి, మీరూ చెయ్యండి."

నేనా! కసరత్తా! సిగ్గుతో చచ్చిపోయాను. అయినా చేశాను. నా పక్కన అక్క కొయ్యబొమ్మలా నిలబడింది.

అక్కడొక పద్ధతుండేది. లెక్క నర్సమ్మ పెట్టదు. రోజుకో రోగి గట్టిగా మొదలుపెట్టాలి, మిగతావాళ్ళు అందుకోవాలి. వంతు వచ్చిన మనిషి నోరు విప్పేదాకా అందరూ చేతులెత్తి అలాగే ఉండాలి. అక్క వంతు వచ్చిన రోజు నా భుజాలు పీకేశాయంటే నమ్మండి. చివరికి ఒక ముసలమ్మ, "అనమ్మా తల్లీ, చేతులు పడిపోతున్నాయి" అని బతిమాలింది. అక్క ఆవిడకేసి చూసింది.

"ఒకటి" అంది.

ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో! అక్కడే బోరుమన్నాను. ఆ తర్వాత అక్క రోజురోజుకీ తేరుకుంది. పాపని చూడాలంది. డాక్టరుగారు ఇంటికి పంపిస్తూ, "మందులు వేసుకోమ్మా. ఆ ఎక్సర్‌సైజులు కూడా మానకు" అన్నారు.

బావగారిల్లు తణుకు దగ్గర, రోడ్డు పక్కనే. అక్క పొద్దున్నే వాకిట్లో నిలబడి పైకి లెక్కపెట్టుకుంటూ చేసేది. లెక్క అందుకునే మనిషి లేకపోతే ఏం బాగుంటుందని పక్కింటావిణ్ణి కూడా పిలిచింది. "మీరు రెండు అనండి వదినగారూ" అందట. అంతే, ఊరంతా గుప్పుమంది. చెరుకు లారీల వాళ్ళు బండి నెమ్మది చేసి మరీ చూసేవారట. పిచ్చి తిరగబెట్టిందన్నారు అందరూ.

కబురందగానే నాన్నా నేనూ పరుగెత్తాం.

"డాక్టరుగారే చెయ్యమన్నారండి బావగారూ! నేను విన్నాను."

"ఆసుపత్రిలో చెయ్యమని ఉంటారు. వాకిట్లో నిలబడి, చేతులూపుతూ కేకలెయ్యమన్నారా?"

"పోనీ, తలుపులేసుకుని చేసుకోనివ్వండి."

"నువ్వూరుకో. చిన్నపిల్లవి, నీకేం తెలుసు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఇంట్లో నాకు తప్ప ఇంకెవరికి తెలుసు? కానీ నా మాట వినే నాథుడేడీ! నాన్న మాత్రం అల్లుడికి దణ్ణం పెట్టి, ఇంకొక్కసారి వైద్యం చేయిద్దామన్నారు. అక్క గుమ్మంలో పాపని ఎత్తుకుని నిలబడి అన్నీ వింటూనే ఉంది. పాపని బావగారు చేతుల్లోంచి తీసుకున్నారు. మళ్ళీ కాకినాడ, మళ్ళీ నేనే తోడు.

నర్సమ్మ అక్కని చూసి తెల్లబోయింది.

"బాగానే ఉందిగా! ఎందుకు తీసుకొచ్చారండీ?"

"ఎక్సర్‌సైజులు చేసిందండీ" అన్నాను. నేను వేళాకోళమాడుతున్నాననుకుని ఆవిడ నవ్వేసింది.

మర్నాడు పొద్దున్న వరసలో నిలబడ్డాం. అందరి చేతులూ లేచాయి. అక్క మాత్రం రెండు చేతులతోనూ చీర కుచ్చిళ్ళు గట్టిగా పట్టుకుని నిలబడింది. నర్సమ్మ మొహంలో నవ్వు పోయింది.

"చెయ్యవే అక్కా" అన్నాను మెల్లిగా.

"చెయ్యను. ఇంకెప్పుడూ చెయ్యనని మీ బావకి చెప్పు. పాపని చూపించమను."

"ఇక్కడ చెయ్యకపోతే ఇంటికి పంపరక్కా!"

"చేస్తే ఇంట్లో ఉంచరుగా."

ఎవరో "ఒకటి" అన్నారు. నేను చేతులెత్తాను.