ఖాళీగా ఉంచిన కుర్చీ

తూలిక్కి మర్యత్తా హూస్కోనెన్‌ను నేను తొలిసారి చూసింది ఫిన్లండ్‌లో, సైమా సరస్సు ఒడ్డున ఉన్న మా ఊరి ఆసుపత్రిలో, డయాలసిస్ విభాగపు గుమ్మం దగ్గర. ఆమె అక్కడ పెద్ద నర్సు, నేను కొత్తగా చేరిన రోగిని; మా వంటివారు రోజుకు తాగే నీటికి కొలత ఉంటుంది. నా చేతిలోని కాఫీ ఫ్లాస్కును చూసి, "అది బయటే ఉంచండి, టీచర్ గారూ. ఇకమీదట మీరు తాగే ప్రతి గుక్కకూ నేనే కాపలా," అన్నది.

గుమ్మం పక్క కుర్చీలో డయాలసిస్ కోసం కూర్చున్న ఓయివా నవ్వాడు. ఒకప్పుడు దుంగల లారీ నడిపినవాడు. "భయపడకండి. నన్ను ఏళ్ళ తరబడి ఎండగడుతోంది. ఇంకా చావలేదు."

"నోరు మాత్రం ఎండలేదుగా, తాతా!" అన్నది ఆమె అతని చేతికి సూది గుచ్చుతూ.

మహమ్మారి వచ్చిన వసంతంలో ముందస్తు ఏర్పాట్ల భారం ఆమె మీద పడింది. ఐసీయూలో రోగుల మూత్రపిండాలు ఒక్కసారిగా దెబ్బతింటే, మా డయాలసిస్ యంత్రాలూ వాటిని నడపగల నర్సులూ అక్కడికి వెళ్ళాలి. అందుకని, మూత్రపిండాలు కొంతైనా పనిచేస్తున్న మా వంటివారికి వారానికి మూడుసార్లు జరిగే డయాలసిస్‌ను రెండుకు తగ్గించింది. అందరికన్నా ముందు ఒప్పుకున్నవాడు ఓయివా.

"నా వంతు ఇంకెవరికైనా ఇవ్వమ్మా. నాకేం, గుండ్రాయిలా ఉన్నాను."

"గుండ్రాయికి కాళ్ళు వాచవు. నీకు వాచినా, ఆయాసం వచ్చినా ఏ వేళనైనా ఫోన్ చెయ్యి. కిటికీ పక్క కుర్చీని అందుకోసమే ఖాళీగా ఉంచుతున్నాను. విన్నావా?"

"విన్నానులే."

ఫోన్ మోగలేదు. ఏర్పాటు చక్కగా సాగుతున్నదని మేమంతా సంతోషించాం. ఈస్టరు తరువాతి వారం ఓయివా రాలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి, తన వంటింట్లో కూర్చున్నచోటే పోయాడు. పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోయేవాడని పొరుగావిడ తరువాత చెప్పింది. ఫోన్ చేయమంటే, "పాపం, వాళ్ళు పనిలో మునిగి ఉంటారు," అన్నాడట. మేము భయపడినంత రద్దీ ఐసీయూకు రానేలేదు. కిటికీ పక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

ఓయివా పోయిన కబురు తెలిసిన రోజు తూలిక్కి నా చేతి నుంచి సూది తీసి, దూది అదిమిపెడుతూ అన్నది:

"మన ఫిన్నుల సంగతి నాకు తెలియదా, టీచర్ గారూ? ఇల్లు అంటుకున్నా, పక్కింటివాళ్ళ భోజనం అయ్యాక చెబుదామనుకునే మనుషులం. తెలిసి కూడా, వాళ్ళే ఫోన్ చేస్తారని వదిలేశాను. నేనే చేసి ఉండాల్సింది."

అంతలో ఆమె వంగి, నా మేజోడు కిందికి లాగి, చీలమండను వేలితో నొక్కింది. నీరు చేరి వాచిన చోట గుంట పడింది.

"మీరు కూడానా!"

మరునాటి నుంచి రోజూ ఆమే ఒక్కొక్కరికీ ఫోన్ చేసేది. శరదృతువులో ఉద్యోగ విరమణ చేసినప్పుడు, ఆ పనిని తన తరువాత వచ్చిన నర్సుకు అప్పగించింది. వెళ్ళేముందు నా కుర్చీ దగ్గర ఆగి, నన్ను ఒక్కటే అడిగింది:

"ఒంట్లో ఏ బాధా లేనప్పుడు కూడా మా ఇంటికి ఒకసారి ఫోన్ చేయండి, టీచర్ గారూ. ఫోన్ చేయడం అలవాటు కావాలి కదా."