కదలని పురుగును గుంజిన సారు

మా చెల్లెకు చిన్నప్పటి నుంచీ నత్తి. మాట లోపల తయారుగానే ఉండేది, పెదవుల దాకా వచ్చి ఆగిపోయేది. మెడ నరాలు ఉబ్బేవి, కళ్లు గట్టిగా మూసుకునేది, కాసేపటికి మాట బయటపడేది. ఇంట్లో మాకందరికీ అలవాటే. బడిలో ఆ కాసేపు ఆగే ఓపిక ఎవరికీ లేదు. మా సారు ఎక్కం చెప్పమని నిలబెట్టేవాడు. దానికి ఎక్కాలు వచ్చు, నాకంటే బాగా వచ్చు. నోరు తెరిచి అట్లాగే నిలబడితే పిల్లలు నవ్వేవాళ్లు. ఒకసారి నేనూ నవ్వాను. అది ఇప్పటికీ నన్ను తింటుంది.

ఒక శనివారం సాయంత్రం సారు మా ఇంటికే వచ్చి బాపుతో తేల్చి చెప్పాడు. "గీ పిల్లను సోమవారం సంది తోలకుండ్రి. దీనికి సదువు ఎక్కది. దీనితోని అందరి పొద్దు పాడైతుంది." బాపు చేతులు కట్టుకొని విన్నాడు. సారుకు ఎదురు చెప్పడం మా ఇళ్లలో లేదు. చెల్లె తలుపు వెనక నిలబడి అంతా విన్నది.

మా నాయనమ్మ మాత్రం సారును కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. "రేపు అయితారమే గదా సారూ. మా మద్ది చెట్లకాడికి జర రా. పురుగులను చెట్టు మార్చాలె, మాకు చేతులు సాలుతలేవు" అన్నది.

మాది దసలి పట్టు పెంచే ఇల్లు. ఆ పట్టుపురుగులు ఇంట్లో తట్టల్లో పెరగవు, అడవి అంచున మద్ది చెట్ల మీద పెరుగుతాయి. ఒక చెట్టు ఆకు తినేస్తే వాటిని ఇంకో చెట్టు మీదికి మార్చాలి. కాకులు ఎత్తుకుపోకుండా పిల్లలం పొద్దంతా కాపలా కాయాలి. ఆ నెలల్లో సగం మందిమి బడికి పోయేవాళ్లమే కాదు. పోయిన రోజున దెబ్బలు తినేవాళ్లం.

మరునాడు సారు వచ్చాడు. నాయనమ్మ ఒక కొమ్మ చూపించి పక్కన నిలబడింది. నాలుగు పురుగులను బాగానే తీశాడు. ఐదోది తల పైకెత్తి కదలకుండా ఉన్నది. వేలితో పొడిచాడు, కదల్లేదు. గుంజాడు. కాళ్లు కొమ్మను వదల్లేదు, పురుగు తెగింది. పచ్చటి నీరు సారు వేళ్ల మీద కారింది.

ఒక్క పురుగు కింద పడితే పొద్దంతా మమ్మల్ని తిట్టే మనిషి మా నాయనమ్మ. అట్లాంటిది చూస్తూ ఊరుకున్నది. ఆ పురుగును ఆమె కావాలనే పోగొట్టుకున్నదని నాకు అప్పుడు అర్థమైంది.

"సచ్చింది సారూ. అది తోలు ఇడిసే యాళ్ల. గప్పుడు తినది, మెదలది. సూసేటోళ్లు మొండిదనుకుంటరు. జర ఇడిసిపెడితే అదే నడుస్తది. నీ తప్పు గాదు, నీకు ఎవ్వలు చెప్పలే. గిప్పుడు నేను చెప్పిన. నా మనుమరాలు గూడ గంతే. గుంజకు."

సారు మద్ది ఆకుతో చెయ్యి తుడుచుకున్నాడు. "మరి పొద్దు పోతది గదా అవ్వా" అన్నాడు.

"పోనియ్యి. పొద్దేమన్న నీ జాగీరా."

సారు నవ్వాడు. చెల్లె పేరు కొట్టేయలేదు. పైగా నల్లబల్ల మోయించుకొని మద్ది చెట్ల కిందికే వచ్చాడు. కాపలా కాసేవాళ్లం కాపలా కాస్తూనే చదువుకున్నాం. చెల్లెను ఎక్కం అడిగి, అది చెప్పేదాకా ఆయన ఏదో ఒక ఆకు తిప్పి చూస్తూ ఉండేవాడు. ఆయన చూస్తుంటే మేమూ ఆకులే చూసేవాళ్లం, దాని మొహం ఎవరూ చూసేవాళ్లు కాదు. ఆగి ఆగి చెప్పింది కానీ ఆ ఏడాది ఎక్కాలన్నీ చెప్పింది. అక్షరాలు కూడబలుక్కోవడం మొదలుపెట్టింది.

మరుసటి ఏడాది ఆ సారుకు కరీంనగర్ వైపు బదిలీ అయింది. నాయనమ్మ ఆ వానకాలమే పోయింది. కొత్త సారు మొదటి వారంలోనే చెల్లెను నిలబెట్టి, "నోట్ల బెల్లం పెట్టుకున్నవా" అని చెవి పట్టి గుంజాడు. చెల్లె లంగా తడిసింది. బడంతా నవ్వింది. అది ఇంటికి పరుగెత్తి వచ్చింది, మళ్లీ బడి గడప తొక్కలేదు. నేను నా పలక సారు ముందు పెట్టి దాని వెనకే వచ్చేశాను. నా చదువూ అక్కడికే ఆఖరు.

కొత్త సారు మీద కోపం ఉన్నది. కానీ నా కోపం ఎక్కువగా పాత సారు మీదే. ఆయనకు తెలుసు. తెలిసీ, వెనక వచ్చేవాడికి ఒక్క మాట చెప్పకుండా బస్సెక్కాడు. సార్లకు నేర్పే పనిని ఒక ముసలమ్మ నెత్తిన వదిలేసిన పైవాళ్ల మీద ఇంకా కోపం. ఆమె పోయింది, ఆమె నేర్పిందీ పోయింది.

నా మనుమరాలు ఇప్పుడు బడిలో మేడం. మొన్న మండలంలో శిక్షణకు పోయి వచ్చి సంబరంగా చెప్పింది, అన్ని రకాల పిల్లలనూ కలుపుకొని పాఠం చెప్పాలట, చెట్లూ పురుగులూ చూపించి చెప్పాలట.

"మంచిదే బిడ్డా. నీకు బదిలీ అయితే ఎన్కొచ్చేటోళ్లకు చెప్పి పోతవా" అని అడిగాను.

"గది మా పని గాదు అమ్మమ్మా" అంది.

"మరి ఎవల పని" అన్నాను. అది ఫోను చూసుకుంటూ కూర్చున్నది.

నన్ను ఊళ్లోనే ఉన్న మేనబావకు ఇచ్చారు కాబట్టి ఊరు దాటలేదు. చెల్లె నా దగ్గరే ఉంటుంది. దానికి అరవై దాటాయి. చెన్నూరు బస్టాండులో బోర్డు చదవడం రాదు, పక్కవాళ్లను అడగనూ లేదు. అడిగేలోపు బస్సు పోతుంది. నేను వెంట లేకుంటే ఇల్లు కదలదు.

అందుకే మా ఊరి బడికి కొత్త సారు వచ్చినా, మేడం వచ్చినా మొదటి రోజే పోతాను. కుర్చీ వేస్తారు, కూర్చోను. "ఎవలను ఎనక కూసోబెట్టినవు బిడ్డా" అని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు, కొందరు చూపిస్తారు. పోయి ఆ పిల్ల పక్కన చాప మీద కూర్చుంటాను. పాఠానికి ఆలస్యమవుతున్నదని సారు రెండుసార్లు చెప్తాడు. ఆ పిల్ల నోటి నుంచి మాట వచ్చేదాకా నేను లేవను.